ప్యాడ్ థాయ్ ప్లేటులో ఎన్ని క్యాలరీలు?

పళ్లెం ముచ్చట
పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ డైటీషియన్ జవాబులు

పోయిన సంచికలో ఎక్కడో చివర ఒక వాక్యం రాశాను, ‘థాయ్ నూడుల్స్ ఎప్పుడో ఒకసారి తింటే తప్పేం లేదు’ అని. ఆ ఒక్క ముక్కకు వచ్చిన ఉత్తరాలతోనే ఈ నెల పేజీ నిండిపోయింది. కాబట్టి ఈసారికి అదే వంటకం. మోకాళ్ల నొప్పులకు ఏం తినాలని అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, మాది కాజీపేట. బ్యాంకులో పని చేస్తాను. వయసు 31, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 68 కిలోలు. నాలుగు నెలలుగా రోజుకు 1400 క్యాలరీలు దాటకుండా లెక్కపెట్టుకుని తింటున్నాను. నెలకు రెండుసార్లు బ్యాంకువాళ్లమంతా హనుమకొండలో ఒక రెస్టారెంటుకు వెళ్తాం. అక్కడ ప్యాడ్ థాయ్ అని చింతపండు, పల్లీలు వేసి చేసే నూడుల్స్ ఉంటాయి. నాకు ప్రాణం. ఫోన్‌లో ఒక యాప్ ప్లేటుకు 390 క్యాలరీలు అంటుంది, ఇంకోటి 1100 అంటుంది. దేన్ని నమ్మాలి? తిని ఇంటికొచ్చాక యాప్‌లో ఏ అంకె కొట్టాలో తెలియక ఒకటే టెన్షన్. తిన్న సంతోషం కూడా మిగలట్లేదు.

జవాబు: రెండూ నిజమే అయి ఉండొచ్చమ్మా. అంకె కింద చిన్న అక్షరాల్లో అది ఎంత బరువుకో రాసి ఉంటుంది, దాన్ని మనం చదవం. 390 అన్నది ఒక కప్పుకు, అంటే 200 గ్రాములకు అటూ ఇటుగా అయి ఉంటుంది. 1100 అన్నది హోటల్ ప్లేటుకు. ప్లేటు అనేది అసలు కొలతే కాదు కదా. మా వీధి చివర బండి దగ్గర ప్లేటు ఇడ్లీ అంటే నాలుగు, రోడ్డు దాటితే ఏసీ హోటల్లో రెండు.

కానీ ఇంతటితో ఆపేస్తే మీ టెన్షన్ తీరదు. అందుకే మీ ఉత్తరం చదివిన ఆదివారమే వంటింట్లో తరాజు పెట్టాను. గ్రాము దాకా చూపించే డిజిటల్ తరాజు, క్లినిక్‌లో పేషెంట్లకు చూపించడానికి కొన్నది. మా సారు రిటైర్డ్ లెక్కల టీచర్. నోట్‌బుక్ పట్టుకుని పొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. నయీంనగర్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో బియ్యం నూడుల్స్ దొరికాయి, సన్నటి రిబ్బన్‌లా పలచగా ఉండేవి. చేపల సాస్ మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు తెచ్చిన సీసా. మిగతావన్నీ మన ఇంట్లోవే: చింతపండు, బెల్లం, పల్లీలు, ఎండు మిరపకాయలు, వెల్లుల్లి, కోడిగుడ్డు, రొయ్యలు, పెసర మొలకలు, ఉల్లికాడలు. థాయ్‌లాండ్‌లో తాటిబెల్లం వేస్తారు, మామూలు బెల్లం వేసినా పెద్ద తేడా రాలేదు. టోఫు, అంటే సోయా పాలతో చేసే పనీర్‌లాంటిది కూడా వేయాలి, మా ఇంట్లో ఎవరికీ పడదు కాబట్టి వదిలేశాను.

ఇద్దరికని 160 గ్రాముల ఎండు నూడుల్స్ తూచాను. వీటిని ఉడకబెట్టకూడదు, మామూలు నీళ్లలో అరగంటకు పైగా నానబెట్టాలి. వేలికి చుడితే చుట్టుకోవాలి, పంటి కింద మాత్రం ఇంకా పచ్చిగా తగలాలి. మిగతా ఉడుకంతా కడాయిలోనే, కొంచెం కొంచెం నీళ్లు చిలకరిస్తూ. అలా వేగాక నూడుల్స్ వరకు పక్కకు తీసి తూస్తే 380 గ్రాములు. 160 కాస్తా 380 అయింది. క్యాలరీలు మాత్రం పెరగలేదు, పెరిగింది నీళ్ల బరువు. ఎండు నూడుల్స్ 100 గ్రాములకు 360 క్యాలరీలు. నీళ్లు పీల్చి వేగినవైతే అదే 100 గ్రాములకు 150. మీ రెండు యాప్‌ల గొడవలో సగం ఇక్కడే ఉంది.

ఈ పచ్చి, వండిన తేడా నాకు ఎంత భయమో చెప్తాను. ప్రాక్టీస్ పెట్టిన కొత్తలో ఒక కాలేజీ లెక్చరర్‌కు చార్ట్ రాసిచ్చాను, ‘మధ్యాహ్నం అన్నం 75 గ్రాములు’ అని. నా మనసులో ఉన్నది 75 గ్రాముల బియ్యం. వండితే 200 గ్రాములు దాటుతుంది. ఆయన పాపం అక్షరాలా అన్నమే తూచుకున్నాడు. మూడో వారం వచ్చి, ‘మేడమ్, మీరు చెప్పినట్టే మూడు ముద్దలు తిని లేస్తున్నా. మధ్యాహ్నం క్లాసులో బోర్డు పట్టుకుని నిలబడుతున్నా’ అన్నాడు. తప్పు నాదే. అప్పటి నుంచి నేను రాసే ప్రతి చార్ట్ మీద మొదటి గీతలోనే ఎర్ర పెన్నుతో ‘పచ్చిదా, వండిందా’ అని రాస్తాను. మీరు ఏ యాప్ వాడినా ముందు ఆ ముక్క చూడండి.

నూనె సంగతి ఇంకా విడ్డూరం. ఇద్దరికీ కలిపి రెండు పెద్ద చెంచాలు చాలనుకుని కంటి కొలతతోనే పోశాను. పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి డబ్బా తూయించారు సారు. 29 గ్రాములు. అంటే రెండు పెద్ద చెంచాలకు ఇంచుమించు సరిపోయింది, ముప్పై ఏళ్ల చెయ్యి కదా అని కాస్త గర్వపడ్డాను. వెల్లుల్లి వేగింది, రొయ్యలు రంగు మారాయి, నూడుల్స్ వేశాను. అప్పుడు మొదలైంది. బియ్యం నూడుల్స్ కడాయికి అంటుకుంటాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి, గరిటెకూ అంటుకుంటాయి. అడుగు పడుతోందన్న కంగారులో చెయ్యి దానంతట అదే డబ్బా మీదికి పోయింది. ‘ఇప్పుడేం పోశావ్?’ అన్నారు సారు. పోసినట్టు నాకే తెలియదు. తూస్తే ఇంకో 11 గ్రాములు తగ్గింది. మొత్తం 40 గ్రాములు, ప్లేటుకు 20. గ్రాముకు 9 క్యాలరీల లెక్కన ప్లేటుకు 180 క్యాలరీలు ఒక్క నూనెవే. రెస్టారెంటులో వంటమనిషి పక్కన లెక్కల మాస్టారు ఉండడు. నూడుల్స్ అంటుకున్నప్పుడల్లా గరిటెడు నూనె పోస్తాడు, తప్పు పట్టలేం, ఆయనకు ముద్దయిన నూడుల్స్ టేబుల్ మీదికి పంపితే తిట్లు తప్పవు.

మిగతా లెక్క త్వరగా చెప్పేస్తా. మా ఇంటి ప్లేటు ఒక్కోదానికి నూడుల్స్ 290, నూనె 180, గుడ్డు 75, 60 గ్రాముల రొయ్యలు 50, 15 గ్రాముల బెల్లం 57, దంచిన పల్లీలు 15 గ్రాములకు 85, చింతపండు గుజ్జు 20, మొలకలూ ఉల్లికాడలూ కలిపి 20, చేపల సాస్ 5. సారు రెండుసార్లు కూడి 782 అన్నారు. ఇంట్లో, జాగ్రత్తగా, టోఫు లేకుండా చేసుకుంటేనే ఇంత.

ఆ తర్వాతి వారం మీరు చెప్పినలాంటి ఒక చోటుకు నేనూ వెళ్లి ఒక చికెన్ ప్యాడ్ థాయ్ పార్సిల్ కట్టించుకొచ్చాను. డబ్బా బరువు తీసేస్తే 480 గ్రాములు. ఓపిగ్గా కూర్చుని ఏరితే నూడుల్స్ ఒక్కటే 300 గ్రాములు, అంటే ఎండువైతే 125 గ్రాములన్నమాట. అదొక్కటే 450 క్యాలరీలు. పల్లీలు గుప్పెడు. చికెన్ ముక్కలు మాత్రం లెక్కపెట్టొచ్చు, ఏడు. మొలకలు పేరుకు నాలుగు. తీపి మన నాలుకకు బాగా తెలిసేంత. డబ్బా ఖాళీ చేశాక అడుగున ఎర్రగా నూనె నిలబడి ఉంది, దాన్ని వంచితే చెంచా నిండింది. నూడుల్స్ పీల్చుకున్నది ఇంకా ఎక్కువే. నూనె మొత్తం 30 గ్రాములనుకున్నా అన్నీ కలిపి 1100కు దగ్గర పడుతుంది. కాబట్టి బయట పూర్తి ప్లేటు తిన్న రోజు మీరు 1100 అనే కొట్టండి. 390 కొట్టి మనసుకు సర్ది చెప్పుకోవద్దు.

ఇప్పుడు అసలు మీ సంగతి. కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడవాళ్లకు రోజుకు 1660 క్యాలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. మీరు బరువు తగ్గడానికి 1400 పెట్టుకున్నారు, బాగానే ఉంది. అందులో 1100 ఒక్క ప్లేటుకే పోతే మిగిలిన 300తో రోజంతా ఎలా గడుపుతారు? అలా గడపాలని చూసేవాళ్లను నేను రోజూ చూస్తాను. పొద్దున టీ, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి ఏడింటికి కళ్లు తిరిగేంత ఆకలితో వెళ్లి ప్లేటు ఊడ్చేసి, పైన ఐస్‌క్రీం. అది వద్దు. మధ్యాహ్నం మామూలుగా పప్పు, కూర, కొంచెం అన్నం తినండి. రాత్రి నలుగురు వెళ్తే రెండు ప్లేట్లు చెప్పి పంచుకోండి, మీ వాటాకు 550 వస్తుంది. ఎవరూ పంచుకోకపోతే మొదటి చెంచా నోట్లో పెట్టకముందే సగం పార్సిల్ కట్టించండి. తిన్నాక మిగిలింది కట్టిద్దాం అనుకుంటే మిగలదు, నా అనుభవం. పల్లీల పొడి విడిగా గిన్నెలో ఇమ్మనండి, మొలకలు ఎక్కువ వేయమనండి. థాయ్‌లాండ్‌లో ప్లేటు అంచున పచ్చి మొలకలు, నిమ్మచెక్క పెట్టి ఇవ్వడం మామూలే కాబట్టి మీరేదో వింత కోరినట్టు కాదు. నిమ్మకాయ బాగా పిండుకోండి, పులుపు పెరిగితే తీపి తక్కువైనా నాలుక పట్టించుకోదు.

ఇంట్లో చేసుకుంటే మనిషికి 60 గ్రాముల ఎండు నూడుల్స్, రెండు చిన్న చెంచాల నూనె, 8 గ్రాముల బెల్లం, 10 గ్రాముల పల్లీలు, ఒక గుడ్డు, 80 గ్రాముల రొయ్యలు, రెండు గుప్పిళ్ల మొలకలు. 580 దగ్గర ఆగుతుంది, కడుపూ నిండుతుంది. ఒక కిటుకు ఉంది: ఇద్దరికి మించి ఒకేసారి కడాయిలో వేయకండి. ఎక్కువ వేస్తే వేడి చాలక నీళ్లూరి అంటుకుంటాయి, అంటుకుంటే నూనె డబ్బా గుర్తొస్తుంది. అంటుకుంటే నీళ్లు చిలకరించండి, నూనె కాదు.

తిన్నది భద్రకాళి బండ్ మీద నడిచి కరిగించేస్తానంటారేమో. 60 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే 200 క్యాలరీలకు కొంచెం ఎక్కువ ఖర్చవుతాయి. 1100కు ఎన్ని గంటలో మీరే చూసుకోండి. నడక మంచిదే, కానీ అప్పు తీర్చడానికి నడిచే నడక నాలుగు రోజుల్లో ఆగిపోతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మా నాన్నకు 64 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, మాత్రలు వాడుతున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు వచ్చినప్పుడల్లా ఇంట్లో ప్యాడ్ థాయ్ చేస్తాడు. ‘ఇది మైదా కాదు, బియ్యం నూడుల్స్, నాన్నకు ఏం కాదు’ అని ప్లేటు నిండా పెడతాడు. నాన్నకు కూడా బాగా నచ్చింది. పెట్టొచ్చా?

జవాబు: మీ తమ్ముడు మైదాను దొంగను చేసి, బియ్యానికి మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చాడు. నూడుల్స్ అంటే బియ్యప్పిండే. మా ఇంట్లో చేసిన ప్లేటులో నూడుల్స్, బెల్లం కలిపి 80 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంది. 100 గ్రాముల బియ్యం వండి పెడితే ఎంతో, అంత. మీ నాన్నగారికి ఒక పూటకు 100 గ్రాముల బియ్యం అన్నం పెడతారా? పెట్టరు కదా. బెల్లం కాబట్టి పర్వాలేదని కూడా అనుకోకండి, రక్తంలోకి పోయాక బెల్లమైనా చక్కెరైనా ఒక్కటే.

అలాగని నాన్న ముందు మీరంతా తింటూ ఆయనకు ఉప్మా పెట్టకండి, ఆ బాధ షుగర్ కన్నా పెద్దది. ఆయన వాటాకు ఎండు నూడుల్స్ 40 గ్రాములు చాలు, బెల్లం ఒక చిన్న చెంచా లోపే. తగ్గించిన చోట గుడ్లు రెండు, రొయ్యలో చికెనో రెట్టింపు, మొలకలు, క్యాబేజీ తురుము నిండుగా వేయండి. ముందు మొలకలు, గుడ్డు తిని ఆ తర్వాత నూడుల్స్ తినమనండి. తిన్న రెండు గంటలకు ఇంట్లో మిషన్‌తో చూసి రాసిపెట్టండి. ఆ అంకె మీ తమ్ముడికి చూపిస్తే చాలు, నేను చెప్పక్కర్లేదు. నూడుల్స్ తింటున్నారు కదా అని మాత్రలు మీరే ఎక్కువ తక్కువ చేయొద్దు, అది డాక్టర్ గారి పని.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. హనుమకొండలో ‘వెజ్ ప్యాడ్ థాయ్’ అని రాసి ఉంటే నిశ్చింతగా తినొచ్చా?

జవాబు: అడగకుండా తినొద్దు. ఈ వంటకానికి అసలు ఉప్పు చేపల సాస్‌తో వస్తుంది. చిన్న చేపలను ఉప్పులో వేసి నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది. చూడ్డానికి లేత సోయా సాస్‌లాగే ఉంటుంది. కొందరు ముక్కలు తీసేస్తే వెజ్ అయిపోయిందనుకుంటారు. చేపల సాస్, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది), ఎండు రొయ్యల పొడి, గుడ్డు, ఈ నాలుగూ పేరు పెట్టి అడగండి. ఇంట్లో అయితే సోయా సాస్, చింతపండుతో బాగానే కుదురుతుంది. రొయ్యల బదులు పనీర్ వేస్తే 40 గ్రాములకే 110 క్యాలరీలు దాటుతాయి, అది గుర్తుంచుకుని నూనె తగ్గించండి.

ప్రశ్న: మంచిర్యాల నుంచి ఒక తల్లిని. మా బాబుకు ఏడేళ్లు. పల్లీలు పడవు, ఒకసారి పల్లీ చట్నీ తిని పెదాలు, కళ్లు వాచి ఆసుపత్రికి పరిగెత్తాం. చుట్టాల పెళ్లికి వరంగల్ వచ్చినప్పుడు ప్యాడ్ థాయ్ కావాలని ఏడ్చాడు. పల్లీలు తీసేసి ఇస్తామన్నారు హోటల్‌వాళ్లు. అయినా ధైర్యం చాలక పెట్టలేదు. నేను మరీ అతి చేస్తున్నానా?

జవాబు: అతి కాదమ్మా. మీరు చేసిందే సరైన పని. ఈ ఉత్తరాల్లో క్యాలరీల మాట పక్కన పెట్టి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. పైన చల్లిన పల్లీలు తీసేస్తే పల్లీ పోదు. అదే కడాయి, అదే గరిటె, ముందు ప్లేటుకు చల్లిన పొడి అంచుకు అంటుకుని ఉంటుంది. సాస్‌లో కూడా పల్లీల పొడి కలిపి ఉండొచ్చు. ఒకసారి పెదాలు, కళ్లు వాచిన పిల్లవాడికి మరోసారి ఊపిరి ఆడకపోయే దాకా పోవచ్చు, అది నిమిషాల మీద జరుగుతుంది. బయట నూడుల్స్, పల్లీ నూనె వాడే మిర్చి బజ్జీ బండ్లు, పల్లీ పట్టీలు అమ్మే కొట్టులో విడిగా అమ్మే మిఠాయి, అన్నీ జాగ్రత్తే.

అలర్జీ డాక్టర్‌కు చూపించి, ఎమర్జెన్సీలో ఏ మందు ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. బడిలో టీచర్‌కు, నానమ్మకు, మేనమామకు అందరికీ ఆ కాగితం చూపించండి. మన దగ్గర ‘ఒక్క పల్లీకి ఏమవుతుందిరా’ అని ప్రేమగా నోట్లో పెట్టేవాళ్లే ఎక్కువ. ప్యాడ్ థాయ్ ఇంట్లో చేసిపెట్టండి, పల్లీల బదులు వేయించిన పుట్నాలు దంచి చల్లండి. ముందు పుట్నాలు బాబుకు పడతాయో లేదో డాక్టర్‌ను అడిగాకే సుమా, పల్లీ పడని కొందరికి శనగలు కూడా పడవు.

ప్రశ్న: వరంగల్‌లో బట్టల షాపు. వయసు 52, బీపీ ఉంది. క్యాలరీలతో నాకు పని లేదు, సన్నగానే ఉంటాను. వారానికోసారి తినొచ్చా?

జవాబు: మీరు చూడాల్సింది ఉప్పు అన్నా. ఒక పెద్ద చెంచా చేపల సాస్‌లో సుమారు 1400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 2000 లోపే ఉండాలంటుంది, అంటే 5 గ్రాముల ఉప్పు. ఒక్క చెంచాతో రోజు వాటాలో మూడొంతుల దాకా అయిపోయింది, ఇంకా సోయా సాస్ సంగతి చెప్పనే లేదు. నెలకోసారి తినండి. ఆ రోజు మధ్యాహ్నం అన్నంలోకి ఆవకాయ, అప్పడం వద్దు.

ప్రశ్న: వరంగల్ నిట్‌లో చదువుతున్నాను. 19 ఏళ్లు, 5 అడుగుల 8 అంగుళాలు, 48 కిలోలు. అందరూ తగ్గడానికి అడుగుతున్నారు. నేను పెరగాలి. రోజూ ప్యాడ్ థాయ్ తింటే పెరుగుతానా?

జవాబు: పెరుగుతావు బిడ్డా, నీ పర్సు మాత్రం తగ్గుతుంది. నీ ఎత్తుకు 55 కిలోలైనా ఉండాలి. హాస్టల్‌లో టిఫిన్ మానేసి పదకొండింటికి క్యాంటీన్ సమోసా తినే బాపతేనా? ముందు టిఫిన్ తిను. రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పాలు, గుప్పెడు పల్లీలు. పల్లీలు 100 గ్రాములకు 567 క్యాలరీలు, పాతిక గ్రాముల ప్రొటీన్. నూడుల్స్ ఆదివారం తిను, బయటి ప్లేటు మొత్తం నీదే. రెండు నెలలు ఇలా తిన్నా కిలో కూడా పెరగకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

ప్రశ్న: ములుగు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగిని. మీ శీర్షిక మొదటి నుంచీ చదువుతున్నాను. మన సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టె వదిలేసి ఈ థాయ్ నూడుల్స్ గురించి రాయడం ఏం బాగాలేదు. మన తాతలు తిన్న తిండిలో క్యాలరీల గోల ఉండేదా?

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది సార్. సగం ఒప్పుకుంటాను. అయితే ప్యాడ్ థాయ్ కూడా అక్కడివాళ్లకు తాతల నాటి తిండి కాదు. నూడుల్స్ వాళ్లకు చైనావాళ్లతో వచ్చాయి. 1938లో ప్రధాని అయిన ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ మరుసటి ఏడాదే సియాం అనే పేరు మార్చి థాయ్‌లాండ్ చేశాడు. ఆయన ప్రభుత్వం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జనాన్ని నూడుల్స్ తినమని బాగా ప్రోత్సహించింది. వేపుడు నూడుల్స్‌కు ‘థాయ్ వేపుడు’ అనే అర్థం వచ్చే పేరు అలా దేశమంతా స్థిరపడింది. ఇక మనం మనవి అనుకునే పల్లీలు, మిరపకాయలు రెండూ అమెరికా ఖండాల్లో పుట్టినవే. ఏనుమాముల మార్కెట్‌లో ఎర్రగా కుప్పలు పోసి ఉన్న మిర్చిని చూస్తే ఎవరూ నమ్మరు, కానీ నిజం.

మీరు సర్వపిండి మాట ఎత్తారు కాబట్టి దాన్నీ తూచాను. నాకు ఇన్నేళ్లలో సర్వపిండికి ఎన్ని క్యాలరీలని ఒక్క ఉత్తరం రాలేదు, ఆ సంగతి అప్పుడే తట్టింది. మా అత్తగారి నాటి మందపాటి గిన్నెలో, ఆమె పెట్టినట్టే: బియ్యప్పిండి 100 గ్రాములు, దంచిన పల్లీలు 20, నానిన శనగపప్పు ఎండుగా ఉన్నప్పుడు తూస్తే 15, నువ్వులు 5, కరివేపాకు, ఉల్లికాడలు, కారం, ఉప్పు. గిన్నెకు నూనె పూసి, పిండిని అడుగునా అంచులకూ అద్ది, వేలితో నాలుగు చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో తలా ఇంత నూనె వదిలాను. నూనె 20 గ్రాములైంది. మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. 736 క్యాలరీలు. మా ఇంటి ప్యాడ్ థాయ్‌కు 46 తక్కువ, అంతే. బియ్యం, పల్లీలు, నూనె, కారం, రెండింట్లోనూ సరుకు ఒకటేగా మరి.

తేడా ఎక్కడంటే, మా అత్తగారు ఆ ఒక్క సర్వపిండిని ముగ్గురు పిల్లలకు తుంచి పెట్టేది, పొద్దున పొలానికి నడిచి వెళ్లేది. ఇప్పుడు టీవీ ముందు ఒక్కరమే ఒక గిన్నె ఖాళీ చేస్తున్నాం. తుంచి తింటే మూడో వంతు ముక్కకు 245 క్యాలరీలు, గ్లాసెడు మజ్జిగతో సాయంత్రానికి చక్కగా సరిపోతుంది.

సకినాల లెక్క సంక్రాంతి ముందు సంచికలో ఇస్తాను సార్. అది నూనెలో దేవేది కాబట్టి డబ్బా తూచినంత తేలిక కాదు. మీ ఇంట్లో కిలో బియ్యానికి ఎన్ని సకినాలు అవుతాయో, కడాయిలో పోసిన నూనె ఎంతో, దేవడం అయ్యాక మిగిలింది ఎంతో తూచి రాసి పంపండి. ములుగు కొలత ఒకటి, మా హనుమకొండ కొలత ఒకటి పక్కపక్కన పెట్టి వేద్దాం.